దెబ్బకు పలికే లోహం

ఆదికాండము 4వ అధ్యాయంలో మనం తొందరగా దాటిపోయే రెండు పేర్లు ఉన్నాయి. లెమెకుకు ఇద్దరు భార్యలు. ఆదా కన్న కుమారుడు యూబాలు. వాయిద్యాలు వాయించేవారందరికీ అతడు మూలపురుషుడు. సిల్లా కన్న కుమారుడు తూబల్కయీను. అతడు రాగితోను ఇనుముతోను పనిముట్లు చేసినవాడు. ఒకే తండ్రి బిడ్డలు. ఒకరి చేతిలో పాట, ఒకరి చేతిలో సుత్తి. ఆ అన్నదమ్ములిద్దరూ కూర్చుని కలిసి ఒక వస్తువు చేశారో లేదో వాక్యం మనకు చెప్పదు. చేసి ఉంటే అది ఎలా ఉండేదో ఊహించుకోవడానికి వీలిచ్చే ఒక వాయిద్యం గురించి, దానిని మొదట పలికించిన మనుష్యుల గురించి ఈ నెల మీతో పంచుకోవాలని ఉంది. ఆ వాయిద్యం పేరు వైబ్రాఫోన్.

ప్రియ చదువరులారా, ఈ పేరు మీలో చాలామంది విని ఉండరు. కాని దాని శబ్దం మీ చెవిన పడే ఉంటుంది. మన సంఘాల్లో ఇప్పుడు కీబోర్డు లేని ఆరాధన తక్కువ. ఆ కీబోర్డులో పియానో, ఆర్గన్, వేణువు, వయొలిన్ అంటూ రకరకాల ధ్వనుల పట్టిక ఉంటుంది. ఆ పట్టికలో గంటల శబ్దానికి దగ్గరగా, మెత్తగా వణుకుతూ సాగే ధ్వని ఒకటి ఉంటుంది. అదే వైబ్రాఫోన్. మా సంఘంలో కీబోర్డు వాయించే కుర్రవాడు ఒక శనివారం సాయంత్రం పాటలు సరిచూసుకుంటూ, "అయ్యగారూ, పియానో అంటే తెలుసు, వేణువు అంటే తెలుసు. ఈ వైబ్రాఫోన్ అంటే ఏంది? నిజంగా అట్లాంటి వస్తువు ఉందా, లేక కంపెనీవాళ్లు పెట్టిన పేరా?" అని అడిగాడు. నేను చదివిన వేదాంత డిప్లొమాలో సంగీతానికి వారానికి ఒక గంట కేటాయించారు గాని, అందులో ఈ ముక్క లేదు. తెలుసుకుని చెబుతానన్నాను. తెలుసుకోవడం మొదలుపెట్టాక అది ఒక వాయిద్యంతో ఆగలేదు.

ముందుగా ఆ వస్తువు ఏమిటో చెబుతాను. మన పల్లెల్లో బడికీ గుడికీ గంట కొనే స్తోమత లేనప్పుడు ఒక రైలు పట్టా ముక్కను వేపచెట్టుకు వేలాడదీస్తారు. ఒక బోల్టుతో కొడితే ఊరంతా వినబడుతుంది. అదే ముక్కను నేలమీద పెట్టి కొట్టండి, లేదా మధ్యలో గుప్పిట పట్టి కొట్టండి. టక్కుమని ఊరుకుంటుంది. లోహం కొట్టినప్పుడు వంగుతూ లేస్తూ కదులుతుంది. కాని దాని పొడవులో రెండు చోట్ల మాత్రం కదలిక దాదాపు ఉండదు. ఆ రెండు చోట్ల కట్టి వేలాడదీస్తే దాని కదలికకు అడ్డం ఉండదు గనుక ఎక్కువసేపు మోగుతుంది. ఒక మీటరు పొడవున్న ఇనుప గొట్టం తీసుకొని, రెండు చివరల నుండి 22 సెంటీమీటర్ల దగ్గర దారం కట్టి వేలాడదీసి, నడుమ కొట్టి చూడండి. సండే స్కూలు పిల్లలకు ఇది చేసి చూపించాను. పెద్దలు కూడా వచ్చి నిలబడ్డారు.

వైబ్రాఫోన్‌లో అటువంటి లోహపు పలకలు, సాధారణంగా 37, పియానో మెట్ల వరుసలో పేర్చి ఉంటాయి. అవి అల్యూమినియం మిశ్రమంతో చేసినవి. ఆ కదలని చోట్లలోనే బెజ్జాలు వేసి తాడు దూర్చి వేలాడదీస్తారు. ప్రతి పలక కింద అడుగు మూసిన గొట్టం ఉంటుంది. పలక పలికిన స్వరానికి సరిపడే పొడవులో గొట్టం ఉంటే, లోపలి గాలి కూడా కలిసి పలుకుతుంది. గొట్టం మూతి దగ్గర ఒక చిన్న బిళ్ల ఉంటుంది. మోటారు తిప్పుతుంటే ఆ బిళ్ల గొట్టాన్ని మూస్తూ తెరుస్తూ ఉంటుంది. అందువల్లనే ఆ స్వరానికి ఆ వణుకు వస్తుంది. కాలికింద ఒక పెడలు ఉంటుంది. నొక్కితే స్వరం సాగుతుంది, వదిలితే ఉన్ని పట్టీ తగిలి ఆగిపోతుంది. దారం చుట్టిన పుల్లలతో కొట్టి వాయిస్తారు. నీళ్లు పోసిన పింగాణీ గిన్నెలతో వాయించే జలతరంగం మన దేశంలో ఉంది. దానికి ఇది లోహంతో చేసిన దూరపు చుట్టం అనుకోండి.

అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో లీడీ అనే కంపెనీ 1920ల తొలి సంవత్సరాల్లో ఉక్కు పలకలతో దీనిని తయారుచేసింది. 1927లో షికాగోలోని డీగన్ కంపెనీలో హెన్రీ ష్లూటర్ అనే ఆయన అల్యూమినియం పలకలతో, కాలి పెడలుతో ఇప్పటి రూపానికి తెచ్చాడు. అప్పటికి అది ఒక వింత వస్తువు మాత్రమే. నాటకశాలల్లో జనాన్ని ఆశ్చర్యపరచడానికి, రేడియోలో కార్యక్రమం మారేటప్పుడు రెండు మూడు స్వరాలు మోగించడానికి వాడేవారు. సంగీతకారుడన్నవాడు దాని వైపు చూసేవాడు కాదు.

దాని వైపు చూసినవారు ఎక్కడినుండి వచ్చారో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఆఫ్రికా నుండి ఓడల్లో తెచ్చి అమ్మిన బానిసలకు డోలు ఉండేది. 1739లో దక్షిణ కరోలినాలో బానిసలు తిరుగబడ్డారు. డోళ్లు కొట్టుకుంటూ నడిచారు. 1740లో అక్కడి దొరలు చట్టం చేసి బానిసలు డోలు ఉంచుకోవడం, వాయించడం నిషేధించారు. డోలు పోయింది. ప్రజలు చప్పట్లు కొట్టారు, పాదాలతో నేలను కొట్టారు. ఆ చప్పట్లతోనే ప్రార్థన గీతాలు పాడుకున్నారు. బానిసత్వం 1865లో రద్దయ్యాక కూడా ఆ తాళం వారి ఆలయాల్లో బ్రతికింది. ఆ ఆలయాల పాట, పొలాల్లో పనిపాట, బ్యాండుల బాకా కలిసి, 20వ శతాబ్దపు ఆరంభంలో న్యూ ఆర్లియన్స్ పట్టణ ప్రాంతంలో జాజ్ అనే సంగీతంగా రూపుదిద్దుకున్నాయి.

లయొనెల్ హాంప్టన్ 1908 ఏప్రిల్ 20న పుట్టాడు. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లి తిరిగిరాలేదని ఇంటివారు అనుకున్నారు. అమ్మమ్మ తాతయ్యల దగ్గర అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో పెరిగాడు. అమ్మమ్మ పరిశుద్ధతా సంఘానికి చెందిన విశ్వాసి. ఆ ఆలయంలో డోలు, తంబూరా వంటివి మోగుతూ ఆరాధన జరిగేది. పిల్లవాడి చెవిలో మొదట పడిన సంగీతం అదే. తరువాత వారు షికాగోకు మారారు. పట్నపు చెడుకు పిల్లవాడు లోబడతాడేమోనని విస్కాన్సిన్‌లో సన్యాసినులు నడిపే బడికి పంపారు. అక్కడ ఒక డొమినికన్ సన్యాసిని అతనికి డ్రమ్ము పుల్లలు పట్టుకునే పద్ధతి నేర్పింది. తిరిగి షికాగో వచ్చాక, నల్లవారి పత్రిక ఒకటి పేపర్లు అమ్మే కుర్రాళ్లతో బ్యాండు నడుపుతుంటే అందులో చేరాడు. కొయ్య పలకలతో చేసే జైలోఫోన్ వాయించడం నేర్చుకున్నాడు.

1930 అక్టోబరులో లాస్ ఏంజలిస్‌లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాటలు రికార్డు చేయడానికి వచ్చాడు. హాంప్టన్ ఆ బృందంలో డ్రమ్ము వాయించేవాడు. స్టూడియో మూల ఒక వైబ్రాఫోన్ ఊరకే పడి ఉంది. ఇది వాయించగలవా అని ఆర్మ్‌స్ట్రాంగ్ అడిగాడు. 22 ఏళ్ల హాంప్టన్ అంతకు ముందు దానిని వాయించినవాడు కాడు. కాని జైలోఫోన్ వరుసే గదా అని పుల్లలు పట్టుకున్నాడు. యూబీ బ్లేక్ స్వరపరచిన ఒక పాటకు ఆ రోజు వాయించాడు. జాజ్ రికార్డులలో వైబ్రాఫోన్ పలికిన తొలి సందర్భాల్లో అది ముఖ్యమైనదని చరిత్రకారులు రాస్తారు. మూలకు నెట్టిన వస్తువు, వెనక వరుసలో కూర్చున్న డ్రమ్మువాడు. ఆ రెండింటినీ ముందుకు పిలిచినవాడు ఆర్మ్‌స్ట్రాంగ్.

1936లో బెన్నీ గుడ్‌మన్ అనే పేరున్న క్లారినెట్ విద్వాంసుడు హాంప్టన్‌ను విని తన చిన్న బృందంలోనికి పిలిచాడు. ఆ నలుగురు ఎవరో చూడండి. గుడ్‌మన్ పేద యూదు వలస కుటుంబపు కుమారుడు. డ్రమ్ము వాయించే జీన్ క్రూపా పోలండు నుండి వచ్చినవారి సంతతి, కతోలికుడు. పియానో వాయించే టెడ్డీ విల్సన్, వైబ్రాఫోన్ వాయించే హాంప్టన్ నల్లవారు. అమెరికాలో నల్లవారు తెల్లవారితో కలిసి వేదిక ఎక్కడం అప్పటికి అరుదు. చాలా హోటళ్లలో వారికి గది ఇచ్చేవారు కారు. ఒకే వేదికమీద ఆ నలుగురు కలిసి వాయించడం చూడటానికి కొందరు సంగీతం కోసం వచ్చారు, కొందరు ఆశ్చర్యం కోసం వచ్చారు. 1938 జనవరి 16న న్యూయార్కులో పేరుమోసిన కార్నెగీ హాలులో వారు వాయించారు.

ఈ మాట రాస్తున్నప్పుడు నాకు మన ఊళ్లు గుర్తుకు వచ్చాయి. మన ఊళ్లలో డప్పు కొట్టేవాడు పెళ్లి ఊరేగింపులో అందరికంటే ముందు నడుస్తాడు. భోజనాల దగ్గర అందరికంటే వెనక కూర్చుంటాడు. అతని చేతి పనిని ఊరు వాడుకుంటుంది, అతని చెయ్యి తాకదు. ప్రభువు బల్ల దగ్గర ముందు వెనక లేదని మనం బోధిస్తాం గదా. పాట దగ్గర మొదలైన సమానత్వం భోజనం దాకా రావాలంటే, గుడ్‌మన్ వంటివాడు ఒకడు వచ్చి, "వీరు నా బృందం, వీరు లేకుండా నేను వాయించను" అనే తెగువ చూపాలి. ఆ తెగువ వలన అతనికి లాభమే వచ్చిందనేది నిజం. అయినా మొదటిరోజున లాభం వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

హాంప్టన్ తరువాత సొంత బృందం పెట్టాడు. 1942లో వచ్చిన ఆయన రికార్డు ఒకటి దేశమంతా మోగింది. భార్య గ్లాడిస్ బృందం జీతాలు, లెక్కలు, ఒప్పందాలు అన్నీ చూసేది. ఆమె 1971లో మరణించింది. సంపాదించినదాన్ని కొంత హార్లెంలో పేదవారికి ఇళ్లు కట్టించే పనిలో పెట్టాడు. 1997 జనవరిలో ఆయన ఇంటికి మంటలంటుకున్నాయి. జన్మంతా కూడబెట్టుకున్న రికార్డులు, జ్ఞాపికలు కాలిపోయాయి. ఆయన ప్రాణాలతో బయటపడ్డాడు, మళ్లీ వేదికకు వెళ్లాడు. 2002 ఆగస్టు 31న 94వ ఏట కన్నుమూశాడు. న్యూయార్కులోని రివర్‌సైడ్ ఆలయానికి బ్యాండు మోగిస్తూ ఆయనను ఊరేగించి తీసుకువెళ్లారు.

రెండవ మనిషి రెడ్ నార్వో. ఆయన కూడా 1908లోనే, హాంప్టన్ కంటే 20 రోజుల ముందు, ఇల్లినాయ్‌లో ఒక చిన్న నది ఒడ్డు పట్టణంలో పుట్టాడు. చిన్నప్పుడు తన గుర్రపు పిల్లను అమ్మి మొదటి వాయిద్యం కొనుక్కున్నాడని చెబుతారు. నార్వో ముందు జైలోఫోన్ వాయించాడు. అదొక సర్కసు వస్తువని నవ్వేవారు. ఆయన గట్టిగా కొట్టకుండా, చెవిలో చెప్పినట్లు నెమ్మదిగా వాయించి ఆ నవ్వు ఆపాడు. 1940ల్లో వైబ్రాఫోన్‌కు మారాడు. మోటారు తిప్పకుండా, వణుకు లేకుండా వాయించడమంటే ఆయనకు ఇష్టం. 1999లో మరణించాడు.

నార్వో భార్య మిల్డ్రెడ్ బెయిలీ గురించి మా అడవి ప్రాంతపు చదువరులు తప్పక తెలుసుకోవాలి. ఆమె జాజ్ గాయనులలో తొలి తరపు పెద్ద పేరు. ఆమె తల్లి కూర్ దలీన్ అనే ఆదివాసి తెగకు చెందినది. మిల్డ్రెడ్ బాల్యం ఐడహోలో ఆ తెగ భూమిలోనే గడిచింది. అక్కడ విన్న పాటలే తన గొంతుకు తర్ఫీదు ఇచ్చాయని ఆమె చెప్పుకునేది. అడవిలో పుట్టిన పాట అడవిలోనే ఉండాలని దేవుడు గీత గీయలేదు.

మూడవవాడు మిల్ట్ జాక్సన్. 1923 జనవరి 1న డెట్రాయిట్‌లో పుట్టాడు. తల్లి భక్తిపరురాలు. ఇంటిలో సువార్త గీతాలే పాట. ఏడేళ్లకు గిటారు, పదకొండేళ్లకు పియానో పట్టాడు. సువార్త గీతాలు పాడే బృందంలో పాడాడు. హైస్కూలులో రకరకాల వాయిద్యాలు నేర్చుకుని, హాంప్టన్ వాయించడం చూశాక వైబ్రాఫోన్ ఎంచుకున్నాడు. అయితే హాంప్టన్‌ను అనుకరించలేదు. హాంప్టన్ వాయిద్యంలో ఆ బిళ్లలు సెకనుకు సుమారు 10 సార్లు తిరిగేవి. జాక్సన్ ఆ వేగాన్ని సెకనుకు 3.3కు తగ్గించాడు. వణుకు తగ్గగానే లోహం మనిషి గొంతులా, నిట్టూర్పులా పలికింది. ఒక్క మోటారు వేగం తగ్గించడంలో ఒక కొత్త గొంతు దొరికింది. 1952లో మొదలైన మోడరన్ జాజ్ క్వార్టెట్‌లో ఆయన దశాబ్దాలపాటు వాయించాడు. ఆ నలుగురు నల్లవారు చక్కని సూట్లు ధరించి గంభీరంగా కచేరీ శాలల్లో కూర్చుని వాయించేవారు. మీ సంగీతంలో ఆ ఆత్మ ఎక్కడిది అని అడిగినప్పుడల్లా జాక్సన్ గుడి నుండే వచ్చిందని చెప్పేవాడు. 1999 అక్టోబరులో మరణించాడు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ దేశపు సంఘాలు ఈ సంగీతాన్ని ముద్దు పెట్టుకోలేదు. అది సారా అంగళ్లలో, నాట్యశాలల్లో మోగింది గనుక అది సాతాను సంగీతమని చాలామంది కాపరులు, తల్లులు అన్నారు. వారి భయం ఉత్త భయం కాదు. ఆ అంగళ్లలో చెడిపోయిన కుమారులను వారు కళ్లారా చూశారు. అయినప్పటికీ, గుడిలో నేర్చుకున్న తాళాన్ని బయటికి తీసుకువెళ్లిన పిల్లలను గుడి తనవారని చెప్పుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఈ సంగతులు కీబోర్డు కుర్రవాడికి చెప్పాను. అతడు అంతా విని, "అయితే అయ్యగారూ, మా ముత్తాత డోలి సంగతి ఏంది?" అన్నాడు. నేను వైబ్రాఫోన్ గురించి చదివింది ఆ ప్రశ్న కోసమేనని నాకు అప్పుడు అర్థమైంది.

మేముండేది ఖమ్మం మైదానం అయిపోయి భద్రాచలం అడవి మొదలయ్యే చోట. ఇటు మిరప, పత్తి. అటు తునికాకు, ఇప్పపువ్వు. కోయవారిలో డోలి వాయించి పూర్వీకుల కథలు పాడేవారు ప్రత్యేకంగా ఉన్నారు. రాసిన పుస్తకం లేని ప్రజలకు వారే పుస్తకం. ఏ ఇంటిపేరు ఎక్కడినుండి వచ్చింది, ఎవరు ఎవరికి చుట్టం అన్నది డోలి మోగితేనే బయటికి వస్తుంది. మణుగూరు దగ్గర కూనవరం గ్రామానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు అటువంటి కళాకారుడు. కంచుమేళం, డోలితో కోయల కథలు, సమ్మక్క సారలమ్మల చరిత్ర పాడేవారు. 2022లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. ఆయనతో ఎన్ని కథలు వెళ్లిపోయాయో లెక్క చెప్పగలవారు ఎవరూ లేరు.

ఈ ప్రాంతంలో సువార్త చరిత్ర కూడా పాతదే. 1860లలో దుమ్ముగూడెం దగ్గర గోదావరి పనులు చేయించిన ఇంజనీరు హేగ్ దొర ఆసక్తితో అక్కడ కోయ మిషను మొదలైంది. తరువాత దోర్నకల్‌లో 1912లో బిషప్పు అయిన అజరయ్య గారు, తెలుగువారు తెలుగు రాగాల్లో, తమ తాళాలతో దేవుని స్తుతించాలని కోరారు. 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ కెథీడ్రల్ చూసినవారికి ఆయన మనస్సు తెలుస్తుంది. గోపురాలు, స్తంభాలు మన దేశపు కట్టడాల తీరులో ఉంటాయి. అయినా పల్లెల్లో బాప్తిస్మం పొందిన చాలా కుటుంబాలు డప్పును, డోలిని విడిచిపెట్టాయి. ఆ కుర్రవాడి ముత్తాత కూడా బాప్తిస్మం పొందిన ఏడు తన డోలిని అటక మీద పెట్టాడు. మళ్లీ దించలేదు.

కుర్రవాడు దానిని కోతకాలపు పండుగకు దించాలని కోరాడు. సంఘ పెద్దల కూటమిలో ఈ మాట పెట్టాను. మొదట కాదన్నది అతని తాతే. ఆయన మా సంఘంలో పెద్ద, ప్రార్థనాపరుడు. వైబ్రాఫోన్ కథ ఆయనకు కూడా చెప్పాను. ఓపికగా విని ఇలా అన్నాడు:

"అయ్యగారూ, ఆ దేశంలో డోలు దొరలు లాక్కున్నారు. మా నాయన డోలిని ఎవరూ లాక్కోలేదు. ఆయనే వదిలిండు. అది మోగితే దాని వెంట సారా వచ్చేది, బలి వచ్చేది, మూడు రాత్రులు ఇంటికి రాకుండా ఉండేవాడు. మేము ఆకలితో పడుకునేవాళ్లం. అది అటక ఎక్కినాకే మా పొయ్యి మీద కుండ ఎక్కింది. నా మనవడికి అది పాట. నాకు అది ఆకలి."

కూటమిలో ఎవరూ మాట్లాడలేదు. ఈ మాటకు పుస్తకంలో జవాబు లేదు. 150వ కీర్తనలో బూర, సితార, తంబుర, తాళాలు అన్నీ ఉన్నాయని చెప్పవచ్చు. చెప్పినా ఆయన చిన్ననాటి ఆకలికి అది జవాబు కాదు. నేను ఒక్క మాట అడిగాను: "పెద్దయ్యా, మీ నాయన వదిలింది సారానా, డోలినా?" ఆయన వెంటనే చెప్పలేదు. రెండు వారాల తరువాత మందిరానికి వచ్చి, "రెండూ వదిలిండు. రెండూ కలిసి ఉన్నయి గనుక వదిలిండు. ఇప్పుడు విడిగా ఉన్నయి" అన్నాడు.

డోలి దించారు. చర్మాన్ని ఎలుకలు కొట్టేశాయి. కర్ర తొట్టి మాత్రం చెక్కు చెదరలేదు. దానికి మళ్లీ చర్మం బిగించడం మా సంఘంలో ఎవరికీ రాదు. నది అవతల ఒక ఊరిలో కుర్రవాడి మేనమామ వరుస ముసలాయనకు ఆ పని తెలుసు. ఆయన విశ్వాసి కాడు. ముప్పై ఏళ్లుగా రెండు కుటుంబాల మధ్య రాకపోకలు లేవు. బాప్తిస్మమే ఆ ఎడబాటుకు కారణం. కుర్రవాడు వెళ్లి పిలిస్తే ఆయన వచ్చాడు. మందిరం వరండాలో మూడు రోజులు కూర్చుని చర్మం తడిపి, తాళ్లు బిగించి, ఎండబెట్టి, మళ్లీ బిగించాడు. తాత మొదటిరోజు దూరంగా నిలబడ్డాడు. రెండవరోజు టీ తెప్పించాడు. మూడవరోజు పక్కన కూర్చుని తాడు పట్టుకున్నాడు. వారిద్దరూ ఏమి మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

పండుగనాడు డోలి మోగింది. కీబోర్డు పక్కన పెట్టారు. కుర్రవాడికి ముత్తాత వరుసలు తెలియవు గనుక ముసలాయన నేర్పిన మూడు వరుసలే వాయించాడు. స్త్రీలు రేల పాట నడకలో స్తుతి గీతం పాడారు. రెండు కుటుంబాలు ఆ రోజు ఆరాధనకు రాలేదు. వారి మనస్సు నొచ్చింది. వారి ఇళ్లకు వెళ్లి కూర్చుని వచ్చాను. ఒక కుటుంబం మరుసటి వారం వచ్చింది, రెండవది ఇంకా ఆలోచిస్తోంది. వారిని తొందరపెట్టడం లేదు. తాత చెప్పినటువంటి ఆకలి వారింట కూడా ఉండి ఉండవచ్చు.

చదువరులారా, తల్లిదండ్రులతో మూడు మాటలు చెప్పి ముగిస్తాను. మొదటిది, మీ బిడ్డ కంచం మీద, బల్ల మీద, తలుపు మీద దరువు వేస్తుంటే చెయ్యి మీద కొట్టకండి. పక్కన ఎవరికైనా తెలిస్తే నేర్పించండి. హాంప్టన్‌కు ఒక సన్యాసిని పుల్లలు పట్టుకోవడం నేర్పింది. అదే చాలింది.

రెండవది, మీ ఇంటి అటక మీద ఏదైనా వాయిద్యం ఉంటే, దాన్ని దించే ముందు దాన్ని ఎక్కించినవారి కథ అడగండి. వారు బ్రతికి ఉండగానే అడగండి. ఎందుకు ఎక్కించారో తెలియకుండా దించితే వారి త్యాగాన్ని అవమానించినట్లు. ఎప్పటికీ దించకపోతే, దేవుడు వారి చేతికిచ్చిన వరాన్ని పాతిపెట్టినట్లు. తలాంతును భూమిలో పాతిపెట్టిన దాసుని కథ మనకు తెలిసిందే.

మూడవది, ఆ లోహపు పలక సంగతి. దానిని కదలని చోట పట్టి వేలాడదీస్తేనే మిగతా అంతా కదిలి పలుకుతుంది. అంతటా బిగించి పట్టుకుంటే మూగబోతుంది. ఎక్కడా పట్టుకోకపోతే కింద పడిపోతుంది. పిల్లలను పెంచడం గాని, సంఘాన్ని నడపడం గాని అంతే. గట్టిగా పట్టవలసిన రెండు చోట్లు ఏవో తెలుసుకోండి. దేవునిపట్ల ప్రేమ, పొరుగువానిపట్ల ప్రేమ. ప్రేమ లేని మాటను పౌలు ఉత్త కంచు చప్పుడుతో పోల్చింది ఇందుకే. ఆ రెండు చోట్లా పట్టు వదలకండి. మిగతాదంతా కొంచెం కదలనివ్వండి.